పట్టణముల పొగ పద్దు



పట్టణములు తమ పొగను తగ్గించుకొనుటకు ఈ కాలమున ప్రణాళికలు వ్రాసికొనుచున్నవి. పొగ యనగా కంటికి కనబడు నల్లని పొగ మాత్రమే కాదు. బొగ్గు, డీసిలు, పెట్రోలు కాలినపుడు రంగును వాసనయు లేని బొగ్గుపులుసు వాయువు పుట్టును. అది కంబళివలె భూమిని కప్పి, పైకి పోవలసిన వేడిమిని కొంత పట్టి యుంచును. యంత్రయుగమునకు పూర్వము గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళుండిన యీ వాయువు, నేడు 420 పాళ్ళు దాటినది.

ఇందువలన మనకేమి యని పెద్దలడుగవచ్చును. గాలి యొక్క డిగ్రీ వెచ్చబడిన, సుమారు 7 శాతము ఎక్కువ నీటియావిరిని మోయగలదు. కావున ఎండినచోట నేల మరింత ఎండును. కురిసినచోట కుంభవృష్టి కురియును. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మన మంత్రాలయమును ముంచెను. ఆ యొక్క వరదకు ఇదియే కారణమని చెప్పుట తగదు. కాని అట్టి భారీ వర్షములకు అవకాశము పెరుగుచున్నదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. పట్టణమున పుట్టిన వాయువు పట్టణపు పొలిమేరలో నిలిచియుండదు.

ప్రణాళికకు మొదటి మెట్టు లెక్క. కరణము చిట్టా లేక శిస్తు తేలనట్లు, పొగ లెక్క లేక తగ్గింపు తేలదు. 2014లో లోకమందలి నగరములకై ఏర్పడిన పద్ధతి ప్రకారము ఈ లెక్కలో మూడు పద్దులు కలవు. పట్టణపు ఎల్లలలో కాలునది మొదటి పద్దు: వంట గ్యాసు, మోటారు బండ్లు, కర్మాగారములు ఇందు చేరును. ఎచటనో పుట్టి తీగెల మీద వచ్చు విద్యుత్తు వలని పొగ రెండవది. పట్టణము కొరకు ఎల్ల వెలుపల పుట్టునది మూడవది. బయటికి పంపిన చెత్తయు, బయటినుండి తెచ్చుకొన్న సిమెంటు, ఉక్కు మొదలగు సరుకులును ఇందులోనివి.

మన మంత్రాలయం రోడ్డు స్టేషను మీదుగా పోవు రైలుదారి చేరెడి ముంబయి నగరము 2022 మార్చిలో తన ప్రణాళికను ప్రకటించెను. 2019 సంవత్సరమునకు లెక్క వేయగా, ఆ నగరపు వాయువు 2 కోట్ల 34 లక్షల టన్నులని తేలెను. అందు 72 శాతము ఇండ్లు, అంగళ్ళు, కర్మాగారములు వాడు విద్యుత్తు, ఇంధనముల వలననే. 20 శాతము బండ్ల వలన. 8 శాతము చెత్త వలన. 2030 నాటికి 30 శాతము, 2040 నాటికి 44 శాతము తగ్గించి, 2050 నాటికి నికరమున సున్న చేయవలెనని గడువులు పెట్టుకొనిరి. గడువులేని ప్రతిజ్ఞ వాయిదాలేని అప్పుపత్రము వంటిది.

ఇక ఉపాయములు. విశాఖపట్టణమున 2018లో ముడసర్లోవ జలాశయపు నీటిమీద 2 మెగావాట్ల సౌరఫలకములను తేలవేసిరి. తిరుమలలో సూర్యుని వేడిమితో ఆవిరి పుట్టించి 15,000 మందికి వండు ఏర్పాటును 2002లో నెలకొల్పిరి. హైదరాబాదున 2017లో మొదలైన మెట్రో రైలు 69 కిలోమీటర్ల మేర విద్యుత్తుతో జనమును చేరవేయుచున్నది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించెను. తెల్లని పూత ఎండను తిప్పికొట్టగా ఇల్లు చల్లబడి, శీతలయంత్రముల వాడుక తగ్గును.

చెత్త సంగతి వేరు. గాలి తగులక గుట్టలలో కుళ్ళిన తడిచెత్త నుండి మీథేను పుట్టును. నూరేండ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువుకంటె 25 రెట్లకు పైగా వేడిమిని పట్టును. హైదరాబాదు చెత్త ఏండ్ల తరబడి నగరపు అంచుననున్న జవహర్‌నగరమున గుట్టగా పడగా, అచటివారు దుర్గంధమును, చెడిన నీటిని భరించిరి. తడిచెత్తను ఇంటివద్దనే వేరుచేసి ఎరువు చేసిన ఆ గుట్ట పెరుగదు.

ఇచట మన ప్రాంతపు మాట చెప్పవలసియున్నది. ఓర్వకల్లు సమీపమున గని, శకునాల గ్రామముల నేలమీద 2017లో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము సిద్ధమయ్యెను. దాని విస్తీర్ణము సుమారు 6,000 ఎకరములు. ఇట్టి విద్యుత్తు వలన పట్టణముల రెండవ పద్దు తగ్గును, అది మేలే. కాని ఆ తగ్గింపునకు నేల నిచ్చినది పల్లె. పట్టణము తన దీపముల వాడుకను, బండ్ల పొగను తగ్గించుకొనక, పల్లె నేలతోను పల్లె చెంత చెత్తతోను లెక్క సరిచేసికొన్నచో, అది పద్దు మార్చుటయే గాని అప్పు తీర్చుట కాదు.

కావున పట్టణ ప్రణాళికను గూర్చి వినినపుడు పెద్దలు మూడు ప్రశ్న లడుగవలెను. మూడు పద్దులును వ్రాసితిరా? ఏ యేటికి ఎంత తగ్గింతురు? అందుకై నేలయు నీరును ఎవరివి? మన మంత్రాలయమునకును ఈ లెక్క తగును. శ్రావణమాసపు ఆరాధనల నాటికి ఎన్ని బండ్లు వచ్చుచున్నవి, ఎంత వంటచెరకు, గ్యాసు కాలుచున్నవి, ఎంత విస్తళ్ళ చెత్త మిగులుచున్నది యని పంచాయతీవారు ఒక్క యేడు వ్రాసి చూచిన, ఎచట తగ్గింపవలెనో ఆ పుస్తకమే చెప్పగలదు.