పర్యావరణ పరిరక్షణలో కేంద్ర-రాష్ట్ర సహకారము: మున్నేరు చెప్పు పాఠము

మున్నేటి ఒడ్డున నివసించు మనకు ఆ ఏరు కొత్తది కాదు. వేసవిలో ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయగా పారు ఆ ఏరే వానకాలమున ఒక్క రాత్రిలో రూపు మార్చుకొనును. 2023 జూలై నెలాఖరున నందిగామ చెంతనున్న ఐతవరము వద్ద మున్నేటి వరద జాతీయ రహదారిపైకెక్కి విజయవాడ-హైదరాబాదు రాకపోకలను స్తంభింపజేసినది. 2024 సెప్టెంబరు ఆరంభమున అదే దృశ్యము మరల కనబడినది. ఆ దినములలోనే ఎగువన ఖమ్మము పట్టణపు లోతట్టు వాడలు మున్నేటి నీట మునిగినవి. జగ్గయ్యపేట వీధులు జలమయమైనవి. దిగువన ప్రకాశము బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది.

అట్టి సమయమున ప్రతి ఇంటను వినబడు ప్రశ్న ఒక్కటే: నీరు ఎంత వచ్చుచున్నది, ఎప్పటికి మన ఊరు చేరును? దీనికి ముందుగా జవాబు చెప్పగలవారెవరు? ఏటిని కొలుచువారెవరు? ఆ కొలతకయ్యెడు వ్యయమును భరించువారెవరు? కొలిచిన అంకెను ఎవరికి తెలుపవలెను? పైకి చిన్నవిగా తోచు ఈ ప్రశ్నలలోనే పర్యావరణ విషయమున కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల నడుమనున్న సంబంధమంతయు ఇమిడియున్నది. దానిని మా శక్తికొలది వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

అధికారముల పంపకము

మన రాజ్యాంగము ఏడవ షెడ్యూలు అధికారములను మూడు జాబితాలుగా విభజించినది. నీరు, నీటిపారుదల, కాలువలు రాష్ట్ర జాబితాలోనివి. అయితే రెండు మూడు రాష్ట్రముల గుండ పారు నదుల నియంత్రణ, అభివృద్ధి కేంద్ర జాబితాలో 56వ అంశముగా చేర్చబడినవి. అడవులు, వన్యప్రాణి రక్షణ మొదట రాష్ట్ర జాబితాలోనే యుండెడివి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ వానిని ఉమ్మడి జాబితాకు మార్చినది. పర్యావరణమును కాపాడుట రాజ్యము యొక్క విధియనియు, పౌరుని యొక్క ప్రాథమిక కర్తవ్యమనియు చాటిన 48ఎ, 51ఎ(జి) అధికరణములు ఆ సవరణ వలన వచ్చినవే.

నీరు రాష్ట్రముల సొత్తైనప్పుడు దేశమంతటికి ఒకే కాలుష్య నివారణ చట్టము ఎట్లు సాధ్యమైనది? దీనికి రాజ్యాంగమునందే 252వ అధికరణము దారి చూపినది. రెండు లేక అంతకుమించిన రాష్ట్రముల శాసనసభలు కోరుచు తీర్మానించినచో పార్లమెంటు వాని కొరకు చట్టము చేయవచ్చును. తక్కిన రాష్ట్రములు తరువాత తమ తీర్మానములతో దానిని స్వీకరింపవచ్చును. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టము ఈ విధముగనే పుట్టినది. అనగా అది పైనుండి రుద్దబడిన శాసనము కాదు, రాష్ట్రములు అడిగి తెచ్చుకొన్న శాసనము. దాని ననుసరించి 1976లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడినది. రాష్ట్ర మండలుల పనిని సమన్వయపరచుట, కాలుష్యమునకు సంబంధించిన సాంకేతిక వివరములను, గణాంకములను సేకరించి క్రోడీకరించి ప్రకటించుట కేంద్ర మండలి విధులలో చేర్చబడినవి. సమాచారమును పంచుకొనుట అధికారుల దయాదాక్షిణ్యములకు వదలిన విషయము కాదనియు, చట్టము విధించిన బాధ్యతయనియు దీనివలన తేటపడుచున్నది.

నిధికి ముందు లెక్క

మండలులు ఏర్పడినవి గాని వానికి ధనము ఎక్కడిది? 1977లో పార్లమెంటు జల సెస్సు చట్టమును చేసినది. కొన్ని పరిశ్రమలును, స్థానిక సంస్థలును తాము వాడుకొను నీటి పరిమాణమును బట్టి సెస్సు చెల్లింపవలెను. వసూలు చేయునది రాష్ట్రము. సొమ్ము చేరునది కేంద్ర ఖజానాకు. అందుండి పెద్దభాగము తిరిగి రాష్ట్ర మండలులకు వచ్చునది. ఈ ఏర్పాటులో ముఖ్యముగా గమనింపదగిన సంగతి ఒకటి కలదు. వాడిన నీటిని కొలుచు మీటరును అమర్చుకొనుట ఆ చట్టము నిర్బంధము చేసినది. మీటరు లేనిదే లెక్క లేదు, లెక్క లేనిదే సెస్సు లేదు, సెస్సు లేనిదే మండలికి నిధి లేదు. జి.ఎస్.టి. అమలులోనికి వచ్చిన 2017లో ఈ సెస్సు రద్దైనది; కాని అది నేర్పిన పాఠము రద్దు కాలేదు. కొలత ముందు, నిధి తరువాత.

ఈ సూత్రము మన పెద్దలకు తెలియనిది కాదు. రెవెన్యూ వ్యవహారములలో మనము వాడు జమాబందీ, దస్తావేజు, తహశీలు అను మాటలు ఉర్దూ, ఫార్సీల నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవి. ఏటేట గ్రామ లెక్కలను సరిచూచి పైయధికారి చేవ్రాలు చేయు జమాబందీ లేనిదే శిస్తు ఎంతయో, రెమిషను ఎంతయో తేలెడిది కాదు. నేలకు జమాబందీ యున్నట్లు నీటికిని, గాలికిని జమాబందీ కావలెను.

మన ఏళ్లను కొలుచువారు

మన మెట్ట ప్రాంతమున ఈ జమాబందీ కొంతవరకు జరుగుచున్నదని చాలమందికి తెలియదు. కీసర వద్ద మున్నేటిపైన, జగ్గయ్యపేట మార్గమున పాలేరు వంతెన వద్ద, ఎగువన మధిర వద్ద వైరా నదిపైన కేంద్ర జల సంఘము వారి పరిశీలన కేంద్రములు కలవు. నీటిమట్టమును తెలుపు కొలబద్దను చూచి అంకె వేయుట, ప్రవాహ వేగమును కొలిచి గడియకు ఎంత నీరు పారుచున్నదో లెక్కగట్టుట అట్టి కేంద్రముల పని. వాన లెక్క వాతావరణ శాఖది. అదియు కేంద్ర ప్రభుత్వ శాఖయే. చెరువులు, కాలువలు, భూగర్భ జలముల బావుల లెక్కలు రాష్ట్ర శాఖలవి. తుదకు ఊరిలో దండోరా వేయించి జనులను మెరకకు చేర్చవలసినది కలెక్టరు, తహశీల్దారు మొదలగు రాష్ట్రోద్యోగులు. అనగా కొలుచు చేయి ఒకటి, కాపాడు చేయి వేరొకటి. ఈ రెండు చేతులు కలిసినప్పుడే ప్రాణము నిలుచును.

ఈ కలయిక కొరకే 1995లో ప్రపంచ బ్యాంకు సహాయముతో హైడ్రాలజీ ప్రాజెక్టు ఆరంభమైనది. అప్పటి ఆంధ్రప్రదేశ్ అందు పాలుగొన్నది. అంతకు పూర్వము ఒక్కొక్క శాఖ తన లెక్కను తన పుస్తకములో, తనకు తోచిన పద్ధతిలో వ్రాసికొనుచుండెడిది. రెండు దశల తరువాత 2016లో సుమారు 3,680 కోట్ల రూపాయల అంచనాతో జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టుగా అది దేశమంతటికి విస్తరించినది. దీని క్రింద రాష్ట్రములకు ఇచ్చు సొమ్ము అప్పు కాదు, పూర్తిగా గ్రాంటు. ఆ సొమ్ముతో స్వయంచాలక వర్షమాపకములు, నీటిమట్టపు యంత్రములు కొనవచ్చును; దానికి ప్రతిగా లెక్కలను ఒకే పద్ధతిలో కేంద్ర సమాచార భాండారమునకు అందింపవలెను. 2018లో జాతీయ జల సమాచార కేంద్రము ఈ పనికై ఏర్పడినది.

రాష్ట్రము రెండైన తరువాత

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరుగుటతో మనకు ఈ విషయము మరింత ముఖ్యమైనది. పాకాల చెరువు దిక్కునుండి బయలుదేరి ఖమ్మము మీదుగా వచ్చు మున్నేరు నిన్నటివరకు ఒక రాష్ట్రపు ఏరు. నేడు అంతర్రాష్ట్ర నది. వైరా, పాలేరులును అంతే. ఖమ్మమున కురిసిన వాన కొన్ని గంటలలో మన గుమ్మము ముందుకు వచ్చును. కాని ఆ వాన లెక్క ఒక ప్రభుత్వము చేతిలో, మన రక్షణ మరొక ప్రభుత్వము చేతిలో ఉన్నవి. ఏరు సరిహద్దు దగ్గర ఆగదు. లెక్క మాత్రము ఆగిపోవుటకు అవకాశము కలదు.

ఇట్టి చిక్కులను ఊహించియే పునర్విభజన చట్టము కృష్ణానదీ యాజమాన్య మండలిని ఏర్పరచినది. దాని అధికార పరిధిని తెలుపు ప్రకటన 2021 జూలై 15న వెలువడినది. అయినను జలాశయముల వద్ద ఎవరు ఎంత నీరు తీసికొనిరన్న లెక్కపై రెండు రాష్ట్రములు పలుమార్లు భేదించినవి. కారణము సులభముగానే గ్రహింపవచ్చును. నీటి లెక్క న్యాయస్థానమున సాక్ష్యమగును. కనుక తన అంకెను ఎదుటివానికి ఇచ్చుటకు ప్రతివాడును సంకోచించును. కాని వాటాల లెక్క వేరు, వరద లెక్క వేరు. మొదటిదానిలో వాదమునకు తావున్నది. రెండవదానిలో ఒక గంట ఆలస్యమైనను నష్టపోవువారు ఇరుప్రక్కల పేదలే. వాటాల వివాదము తీరువరకు వరద లెక్క వేచియుండరాదని మా దృఢాభిప్రాయము.

గాలి విషయము

నీటికి చెప్పినదే గాలికిని వర్తించును. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వము జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమమును ఆరంభించినది. వరుసగా ఐదేండ్లు గాలి ప్రమాణములను అందుకొనలేకపోయిన నగరములను పట్టికలో చేర్చి వానికి నిధులు సమకూర్చుట దాని పద్ధతి. మన రాష్ట్రమున విజయవాడ, గుంటూరు, విశాఖపట్నము మొదలుగా 13 నగరములు ఆ పట్టిక కెక్కినవి. దీనికి తోడు 15వ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు పది లక్షలు మించిన జనసంఖ్యగల నగర ప్రాంతములకు గాలి నాణ్యత నిమిత్తము 12,139 కోట్ల రూపాయలను సిఫారసు చేసినది. ధూళి తగ్గినట్లు లెక్క చూపిన కొలది ఆ గ్రాంటు అందును.

పద్ధతి మంచిదే. అయితే ఐదేండ్ల కొలతలు లేని ఊరు ఎంత ధూళితో నిండియున్నను ఆ పట్టికకు అర్హము కాజాలదు. నందిగామ, జగ్గయ్యపేటలు అందు లేవు. లేనంత మాత్రమున మన గాలి నిర్మలమని అర్థము కాదు. కొలువకుండ మలినమని నిందించుటయు న్యాయము కాదు. సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారములు, రేయింబవళ్లు లారీలు నడచు జాతీయ రహదారి గల ప్రాంతము మనది. సిమెంటు పరిశ్రమ అధిక కాలుష్య కారకములైన 17 వర్గములలో ఒకటి. పొగగొట్టములనుండి వెలువడు ధూళిని ఎడతెగక కొలిచి ఆ అంకెలను రాష్ట్ర మండలికిని, కేంద్ర మండలికిని పంపు యంత్రములను అమర్చుకొనవలెనని 2014లో కేంద్ర మండలి ఈ వర్గములను ఆదేశించినది. ఒకే అంకె రెండు ప్రభుత్వముల బల్లలపై ఒకేసారి కనబడుట మంచి మార్పు. మూడవ బల్ల పౌరునిది. అక్కడికిని ఆ అంకె సులభముగా చేరవలెను.

గ్రాంటు ఎట్లుండవలెను?

లెక్కను దాచినవానికిని, విప్పి చూపినవానికిని గ్రాంటు సమానముగా అందినచో లెక్క చూపుటకు ఎవరును ముందుకు రారు. ఈ లోపమును దిద్దుటకు 2019లో ప్రారంభమైన అటల్ భూజల యోజన ఒక కొత్త మార్గము త్రొక్కినది. 6,000 కోట్ల రూపాయల ఆ పథకమున భూగర్భ జల వివరములను ప్రజలకు వెల్లడించుటయే ప్రోత్సాహక ధనమునకు ఒక అర్హతగా నిర్ణయింపబడినది. ఏడు రాష్ట్రములకు పరిమితమైన ఆ పథకమున మన రాష్ట్రము లేదు. కాని దాని సూత్రము మనకును ఆదర్శప్రాయము.

అమెరికా దేశమునను 1970లో ఏర్పడిన పర్యావరణ సంస్థకును రాష్ట్రములకును ఇట్టి ఘర్షణలే కలిగినవి. 1995లో వారు ఒక ఒడంబడిక పద్ధతిని కల్పించుకొనిరి: సాధింపవలసిన లక్ష్యమును ఇరువురు కూర్చుండి నిర్ణయింతురు. విడివిడి గ్రాంటులను ఒకటిగా కలిపి తన అవసరమును బట్టి వెచ్చించు స్వేచ్ఛయు పిదప రాష్ట్రమునకు కలిగినది. తరువాత రాష్ట్రముల కంప్యూటర్లు ఒకే భాషలో సమాచారమును ఇచ్చిపుచ్చుకొనునట్లు ప్రత్యేక గ్రాంటులను ఏర్పరచిరి. స్వేచ్ఛ రాష్ట్రమునకు, లెక్క ఇరువురికి అనునది దాని సారాంశము.

మన కర్తవ్యము

ఇదంతయు ప్రభుత్వముల పని, విద్యార్థులకేమి సంబంధమని కొందరనవచ్చును. పూర్వపు ఆంధ్రప్రదేశ్‌లోనే అనంతపురము, మహబూబ్‌నగర్, ప్రకాశము మొదలైన ఏడు కరవు జిల్లాలలో ఆరువందలకు పైగా పల్లెల రైతులు ఒక పథకము క్రింద తమ వానను, తమ బావుల నీటిమట్టమును తామే కొలిచి, ఆ లెక్కను బట్టి ఏ పైరు వేయవలెనో తామే నిశ్చయించుకొనిరి. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. పొలము దున్ను రైతు చేయగలిగిన పనిని కళాశాల విద్యార్థి చేయలేడా?

అందుచే కళాశాల కమిటీవారికి మా విన్నపము రెండే. ఆవరణమున ఒక వర్షమాపకమును నెలకొల్పవలెను. విద్యార్థులు తమ తమ గ్రామములలో ఒక్కొక్క బావిని ఎంచుకొని ప్రతి నెల మొదటి తేదీన నీటి లోతును కొలిచి వ్రాయుటకు ఒక రిజిస్టరును ఉంచవలెను. తాడు, రాయి, కొలబద్ద చాలును. పెద్ద వ్యయము లేదు. పది సంవత్సరములు విడువక వ్రాసిన ఆ పుస్తకము ఏ కార్యాలయమునకైనను గౌరవముతో చూపదగిన దస్తావేజగును. ఇక ప్రభుత్వము కొలిచిన లెక్కలను అడుగు హక్కు 2005 సమాచార హక్కు చట్టము మనకిచ్చినది. ఎవరును అడుగకముందే కొన్ని వివరములను తామై ప్రకటింపవలసిన విధిని ఆ చట్టము 4వ విభాగము కార్యాలయములపై మోపినది.

పారు నది ఒడ్డున కూర్చుండి వజూ చేయునప్పుడైనను నీటిని వృథా చేయరాదని మన మత పెద్దలు బోధింతురు. సమృద్ధి యున్నచోటనే లెక్క అలవడవలెనని దాని భావము. మున్నేరు మరల పొంగును. అది మన చేతిలో లేదు. ఎగువన అది పొంగిన సంగతి దిగువనున్న ఐతవరమునకు, మన వీధులకు ఎన్ని గంటల ముందు తెలియునన్నది మాత్రము రెండు రాష్ట్రముల, ఒక కేంద్రము యొక్క, కొంతవరకు మన చేతులలోనే యున్నది.