అతుకు ప్రక్కనున్న ఉక్కు

పెబ్బేరు దాటి బీచుపల్లి వంతెన దిక్కునకు సాగు 44వ జాతీయ రహదారి ప్రక్కన, ఒక వెల్డింగు షాపు ముంగిట కంకర మోయు టిప్పరొకటి చక్రములకు రాళ్లు పెట్టి నిలిపియుండగా, మేస్త్రి నన్ను దాని క్రిందికి వంగుమని పిలిచి, టార్చిలైటు వెలుగున ఛాసీమీది సన్నని తుప్పురంగు గీత నొకదానిని చూపెను. "గీత కాదు సార్, పగులు. లోపలి తుప్పు బయటికొస్తుంది" అనెను. తడిమి చూచితిని, గోరు చిక్కుకొనునంత సందు కలదు. నీళ్ల ట్యాంకు నిలుపుటకై యెవరో పూర్వమచ్చట చిన్న బ్రాకెట్టు నొకదానిని వెల్డింగు చేసియుండిరి. ఆశ్చర్యమేమనగా, బ్రాకెట్టు ఊడలేదు, అతుకు విడలేదు. అతుకు అంచున పుట్టిన పగులు ఛాసీ క్రిందిరెక్కను సగమువరకు చీల్చుకొని పోయినది.

లారీ ఛాసీ యనునది పైన క్రింద రెక్కలును, నడుమ నిలువుపలకయు గల రెండు పొడవైన ఉక్కు చానళ్లును, వానిని అడ్డముగా కలుపు క్రాసుమెంబర్లును గల నిచ్చెనవంటి కట్టడము. బరువు పడినప్పుడు, ముందు వెనుక చక్రముల నడుమ చానలు వంగి, పైరెక్క నొక్కుకొనును, క్రిందిరెక్క సాగును. వెనుక చక్రములను దాటిన భాగమున ఇది తారుమారగును. రెక్కలను కలుపు నిలువుపలకలో మాత్రము నడిమికి చేరినకొలది ఈ నొక్కుడు, సాగుడుల ప్రతిబలము తగ్గి, సరిగా మధ్యరేఖయందు శూన్యప్రాయమగును. వనపర్తి సంస్థానపు రాజభవనమున వెలసిన పాలిటెక్నిక్కులో మెకానికల్ విద్యార్థులు నేర్చు దూలపు లెక్క ఇదియే. రెక్కలు ఛాసీకి ప్రాణస్థానములు గనుకనే, వానిపై వెల్డింగు చేయరాదనియు, రంధ్రము వేయరాదనియు లారీ తయారీదారులు తమ పుస్తకములయందు నిషేధింతురు.

ఇంతియేగాక, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకమున ఏదుల, వట్టెం జలాశయముల కట్టలకు మట్టిమోయు టిప్పరువంటిది, ఒక చక్రము గుంటలో, ఒక చక్రము గడ్డపై పెట్టి నడచునప్పుడు, ఈ నిచ్చెన యంతయు మెలిదిరుగును. ఆ మెలిక దాని దోషము కాదు, గుణము. వంగి లేవగలుగుటచేతనే అది విరుగక నిలుచుచున్నది.

అట్టి దానిపై వెల్డింగు రాడ్డు తాకినపుడు, సుమారు 1500 డిగ్రీల సెల్సియసు వేడిమికి ఉక్కు కరగి, చల్లబడుచు ముడుచుకొనుచు, ప్రక్కనున్న లోహమును నిరంతరము తనవైపు లాగిపట్టుకొనును. కరగక కేవలము కాగిన అంచుపట్టీ, ఉక్కు జాతినిబట్టి, మెత్తబడును లేదా పెళుసెక్కును. పైగా అతుకు ఛాసీని కలిసికొనుచోట సూక్ష్మమైన నొక్కు ఒకటి ఏర్పడును. లారీ ఎగిరిపడిన ప్రతిసారియు ప్రతిబలము అచ్చటనే పోగై, లక్షలసార్లు పునరావృత్తమై, లోహమునకు అలసట కలిగించును. బ్రాకెట్టు మోయు బరువెంత యని అడుగుట చాలదు. ట్యాంకు ఖాళీగా నున్నను, ఆ అతుకు గట్టిగా పట్టుకొనియున్నంతకాలము ఛాసీయొక్క వంపునంతటిని తానును పంచుకొనుచునే యుండును.

1980 మార్చి 27వ తేదీన ఉత్తర సముద్రమున అలెగ్జాండర్ కీలాండ్ అను నార్వే తేలువేదిక తలక్రిందులై, అందున్న 212 మందిలో 123 మంది మరణించిరి. శోధింపగా, వేదికను బిగించిన ఉక్కుగొట్టములలో ఒకదానికి, నీటిలోని ధ్వనిని వినెడి చిన్న పరికరము నిలుపుటకై చేసిన సన్నని వెల్డింగుకడ పగులు మొదలై, గొట్టమును తెంచినట్లు తేలినది. ఆ పరికరపు బరువు ఆ మహాకట్టడమున లెక్కకైనను రాదు! ఈ వృత్తాంతమును చదివిన నాటినుండి చిన్న అతుకుల నుపేక్షించుట నాకు సాధ్యము కాలేదు.

అందుచేత బ్రాకెట్టును ఛాసీకి వెల్డింగు చేయక బోల్టులతో బిగింపవలెను. బోల్టుకును రంధ్రము కావలెను గదా, రంధ్రము బలహీనత గాదా యను శంక న్యాయమైనదే. సాగదీసిన పలకలో గుండ్రని రంధ్రపు అంచున ప్రతిబలము మూడింతలగునని కిర్ష్ అను ఇంజనీరు 1898లోనే గణించెను. అయితే రంధ్రమును రెక్కలకు దూరముగా నిలువుపలకలో వేసినచో, మూడింతలగుటకు అచ్చట ప్రతిబలమే స్వల్పము. మరియు బిగించిన బోల్టు కొంచెము సాగి, స్ప్రింగువలె వెనుకకు లాగుచు, బ్రాకెట్టును ఛాసీని ఒకదానికొకటి నొక్కిపట్టును. బరువును మోయునది ముఖ్యముగా ఆ రెంటి నడిమి రాపిడియే. తలపై 10.9 అని యున్న బోల్టు చదరపు మిల్లీమీటరుకు 1000 న్యూటన్ల లాగుడునకు తాళును, అందు 90 శాతమువరకు శాశ్వతముగా సాగదు. రంధ్రమును డ్రిల్లుతోనే వేయవలెను. గ్యాసుకటింగుతో కాల్చిన రంధ్రపు గరుకు అంచు వెల్డింగంత చేటు. రంగుపొరయు దుమ్మును నలిగి బిగువు సడలును గనుక, కొన్ని లోడ్ల పిమ్మట మరల బిగింపవలెను.

గద్వాల చీరలో నూలు ఒడలును పట్టు అంచును మగ్గముమీదనే కలిసియు, నూలు నూలుగా, పట్టు పట్టుగా నుండును. బోల్టుపెట్టిన బ్రాకెట్టును అట్టిదే. దానిలో పగులు పుట్టినను ఆ బ్రాకెట్టుతోనే ఆగును, క్రొత్తది మార్చుకొనవచ్చును.

వెల్డింగును నిందింపవలసిన పని లేదు. బ్రాకెట్టును బల్లమీద వెల్డింగు చేసి, చల్లారిన పిమ్మట ఛాసీకి బోల్టులతో బిగించుట ఉత్తమమార్గము. పగిలిన ఛాసీకి వెల్డింగు తప్పనే తప్పదు. మేస్త్రి మొదట బ్యాటరీ తీగలు విప్పి, అవతలి కొసన, పగులు అంతమైనచోట, డ్రిల్లుతో చిన్న రంధ్రము వేసెను. వాడియైన పగులుకొన గుండ్రనైనచో ముందుకు ప్రాకుట నిలుచును. పిదప పాత బ్రాకెట్టును గ్రైండరుతో కోసి పారవైచి, పగులును వెల్డింగుతో పూడ్చి, నిలువుపలక నడుమ సుద్దముక్కతో నాలుగు గుర్తులు పెట్టి, నీళ్ల ట్యాంకు ఇక నిచ్చటికి వచ్చునని డ్రైవరునకు చూపెను.