చుక్కలు మాయమైతే జబ్బు నయమైనట్లేనా?

సముద్రపు చేపలను గాజుతొట్టెలో పెంచడం ముచ్చటైన పనే గాని, తేలికైన పని కాదు. నారింజరంగు ఒంటిమీద తెల్లని పట్టీలున్న క్లౌన్ చేపను చూడండి. ఒకనాడు దానిమీద ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపిస్తాయి. చేప తన ఒంటిని రాళ్లకు రాసుకుంటుంది. వారం తిరిగేసరికి చుక్కలు మాయం! జబ్బు తగ్గిందని పెంచేవారు సంతోషిస్తారు. కొద్ది రోజులకే చుక్కలు మునుపటికంటె దట్టంగా వస్తాయి. ఈసారి చేపలు ఒకటొకటిగా చనిపోతాయి. మరి మొదట తగ్గినదేమిటి?

ఈ తెల్లమచ్చ వ్యాధికి కారణం ఒక ఏకకణజీవి. దానికి 1951లో బ్రౌన్ అనే శాస్త్రవేత్త క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అని పేరు పెట్టారు. మీరు పాఠంలో చదివిన పారమీషియంలాగే దీనికీ శైలికలుంటాయి. కాని ఇది పరాన్నజీవి. చేప చర్మంలో, మొప్పలలో దూరి, అక్కడి కణజాలాన్ని తిని పెరుగుతుంది. మనకు కనిపించే తెల్లచుక్క అదే. మొప్పలు దెబ్బతింటే చేపకు ఊపిరాడదు.

3 నుంచి 7 రోజులలో ఈ జీవి చేపను విడిచి, తొట్టె అడుగున ఇసుకకో రాతికో అంటుకుని, చుట్టూ గట్టి కోశం కట్టుకుంటుంది. లోపల పదేపదే విభజన చెంది 200 దాకా పిల్లజీవులను ఇవ్వగలదు. కోశం పగలడానికి కనీసం 3 రోజులు, ఒక్కొక్కప్పుడు కొన్ని వారాలు పడుతుంది. బయటికి వచ్చిన పిల్లజీవులకు రెండు రోజులలోగా చేప దొరకకపోతే చావు తప్పదు. చూశారా! చుక్కలు పోయినది శత్రువు చచ్చి కాదు, సంతానం పెంచుకోవడానికి వెళ్లి!

చేప చర్మంలో ఉన్నంతకాలం ఆ చర్మమే దీనికి కవచం. కోశంలో ఉంటే ఆ గోడే రక్ష. ఈదే దశలో మాత్రమే మందుకు దొరుకుతుంది. అందుకే మైలుతుత్తం వంటి రాగి మందును, లీటరు నీటికి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి ఉండేటట్లు, రోజూ పరీక్షిస్తూ 3 నుంచి 6 వారాలు ఉంచుతారు. మోతాదు మించితే చేపకే విషం. రొయ్యలకు, పగడపు జీవులకు ఈ మోతాదే ప్రాణాంతకం. కనుక వైద్యం వేరే తొట్టెలోనే చేయాలి.

మందు లేని ఉపాయమూ ఉంది. చేపలను 3 రోజులకొకసారి, 4 సార్లు, శుభ్రమైన తొట్టెలోకి మారుస్తారు. కోశాలు పాత తొట్టెలోనే ఉండిపోతాయి. పగిలినా అక్కడ చేప ఉండదు!

కొత్త చేపను కొన్ని వారాలు విడిగా ఉంచి, తర్వాతనే తొట్టెలో వదలడం అన్నిటికంటె మేలు. రోగక్రిమిని జయించాలంటే ముందు దాని జీవితచక్రం తెలియాలి.