కోడిపిల్లల రక్తపారుడు – పావురముల గొంతు వ్యాధి



వానలు పట్టగానే గంప క్రింది కోడిపిల్లలు రెక్కలు వ్రేలవేసి, కన్నులు మూసి, ఒక మూల ముడుచుకొనును. రెట్టలో నెత్తురు పడును. "కొక్కెర తెగులు వచ్చినది, చేయునదేమియు లేదు" అని చాలమంది ఊరకుందురు. ఇది పొరపాటు. కొక్కెర తెగులున ఆకుపచ్చని పారుడు, ఎగశ్వాస, మెడ మెలిదిరుగుట కనిపించును. నెత్తురు రెట్ట కనిపించినచో ముందుగా అనుమానింపవలసినది రక్తపారుడు. దీనినే కాక్సిడియోసిస్ అందురు. దీనికి మందు కలదు.

వ్యాధి కారణము

ఐమీరియా అను ఏకకణజీవి కోడి ప్రేగులలో పెరిగి ఈ వ్యాధి కలిగించును. 3 మొదలు 6 వారముల పిల్లలకు ప్రమాదమెక్కువ. దీని కోశములు రెట్టతో బయటపడును. అప్పుడే పడిన రెట్ట వలన వ్యాధి సోకదు. తేమ, వెచ్చదనము, గాలి దొరకినచో 1, 2 దినములలో ఆ కోశములు పక్వమగును. వానిని పొడిచి తిన్న పిల్ల వారము దినములలో తానును వ్యాధిని వెదజల్లును. ఈ రెండు దినముల గడువే రైతునకు అవకాశము.

సంగారెడ్డి ప్రక్కనున్న పోతిరెడ్డిపల్లి వంటి చోట్ల ఇండ్లు పెరిగి, పెరడు చిన్నదైనది. గంప దినదినము ఒకేచోట మూసినచో ఆ నేల వ్యాధికి నిలయమగును.

చేయవలసిన పనులు

1. రెట్టను ప్రతిదినము ఎత్తివేయుడు. గంపను రోజుకొకచోట మూయుడు.
2. గూటిలో పొడి వరి ఊక పరచి, తరచు తిరుగవేయుడు. నీటిపళ్ళెము చుట్టు తడిసిన ఊకను తీసివేయుడు.
3. పిల్లలను తల్లితో వేరుగా ఉంచుడు. ఆరోగ్యముగా కనిపించు పెద్ద కోళ్ళును వ్యాధిని మోయవచ్చును.
4. ఫినాయిలును నమ్మి ఊరకుండరాదు. కోశములు దానికి లొంగవు. సలసల కాగు నీరు, బాగుగా ఎండుట వానిని చంపును.
5. పశువైద్యుని సలహాపై ఆంప్రోలియము మందును నీటిలో కలిపి మందలోని పిల్లలన్నిటికి ఇయ్యవలెను. జబ్బు పిల్ల మేత మానినను నీరు త్రాగును. ఆ దినములలో బి1 విటమిను ఇయ్యరాదు.

పావురములు పెంచువారికి

పావురము నోటిలో, గొంతులో జున్నువంటి పసుపుపచ్చని పొర కనిపించినచో ట్రైకోమోనాస్ అను మరియొక ఏకకణజీవిని అనుమానింపుడు. తల్లిదండ్రులు నోటితో అందించు పాల ద్వారా ఇది పిల్లలకు సోకును. అడవి పావురములు, గువ్వలు వచ్చి త్రాగు పళ్ళెము ద్వారా కూడ వచ్చును. ఈ జీవి ఎండకు నిలువదు. కనుక పళ్ళెమును ప్రతిదినము కడిగి ఎండబెట్టుడు. పొరను గోటితో గీకరాదు, నెత్తురు కారును. మశూచిలోను ఇట్టి పొర కట్టును గనుక వైద్యునికి చూపుడు.

చిన్న జీవులని చులకన చేయకుడు. 1897లో సికింద్రాబాదున దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్, 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాను పరీక్షించియే అది దోమకాటుతో వ్యాపించునని నిరూపించెను.

గ్రామాధికారులకు మనవి: పక్షులు ఒక్కసారిగా పెక్కు చనిపోయినచో వట్టి చేతులతో ఎవరును తాకకుండ చూచి, వెంటనే పశువైద్యశాలకు తెలుపుడు. అది బర్డ్ ఫ్లూ కావచ్చును. రామచిలుకలను పంజరమున పెంచుట 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము క్రింద నేరమనియు చెప్పుడు.

రేపు ఉదయము గంప ఎత్తగానే, మొదట నేలను చూడుడు, తరువాత పిల్లలను చూడుడు.