ఆగిన పరీక్ష - అనధ్యయన విధి



పరీక్షలు దగ్గరపడిన దినములలో పిల్లల పేరిట అర్చనలు చేయించుట, హాల్‌టికెట్టును కలములతో సహా స్వామి పాదములకడ నుంచి తిరిగి తీసికొనిపోవుట ఉప్పల్, నాచారం ప్రాంతముల దేవాలయములయందు ఏటేట చూచుచున్నదే. పరీక్ష జరుగునప్పుడు పిల్లవానికి ధైర్యము చెప్పుట అందరికిని తెలియును. ఆ పరీక్షయే హఠాత్తుగా రద్దయినచో ఏమి చెప్పవలెనో పెద్దలకు తోచదు. "పోనీలే, కష్టము తప్పినది, సంతోషింపుము" అందురు. ఆ మాట పిల్లవానికి ఏల రుచింపదో, అట్టి వేళ పెద్దలు చేయదగినదేమో కొంచెము విచారింతము.

ముందుగా జరిగిన సంగతి. 2020వ సంవత్సరము మార్చి 19న తెలంగాణ రాష్ట్రమున పదవ తరగతి పరీక్షలు మొదలైనవి. 11 పత్రములలో మూడు ముగియగానే, కరోనా వ్యాధి కారణముగా ఉన్నత న్యాయస్థానము ఉత్తర్వు ననుసరించి తక్కినవి నిలిచిపోయినవి. పిల్లలు పుస్తకములు మూయను లేక, చదువను లేక రెండున్నర నెలలు గడపిరి. జూన్ 8 నుండి మరల పరీక్షలని ప్రకటన వచ్చినది. జూన్ 6న న్యాయస్థానము గ్రేటర్ హైదరాబాదు నగరపాలక పరిధిని విడిచి తక్కిన చోట్ల జరుపవచ్చునన్నది. ఉప్పలును నాచారమును అప్పుడు ఆ పరిధిలోనివే. అనగా పల్లెలోనున్న మేనమామ కుమార్తె వ్రాయును, ఇచ్చటి పిల్ల వ్రాయదు! అట్లు రెండు విడతలుగా జరుపుట కుదరదని ప్రభుత్వము అన్ని చోట్లను వాయిదా వేసినది. జూన్ 8న ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావుగారు పరీక్షలను రద్దుచేసి 5,34,903 మంది విద్యార్థులను ఉత్తీర్ణులుగా ప్రకటించిరి. బడిలో సంవత్సరము పొడవున పెట్టిన చిన్న పరీక్షల 20 మార్కులే ఆధారమైనవి.

2021 ఏప్రిల్ 15న మరల రద్దు. ఆ యేడు బడులు తెరచియున్న దినములే తక్కువ. చిన్న పరీక్ష ఒక్కటే జరిగియుండెను గనుక దానినే ప్రమాణముగా గ్రహించిరి. 5,21,073 మందిలో 2,10,647 మందికి పదికి పది వచ్చినది.

ఈ చివరి సంఖ్యను చూచి పెద్దలు ఆనందించిరి. నిజముగా చదివిన పిల్లవాని మనస్సులో కలిగిన దేమి? ఐదుగురిలో ఇద్దరికి పదికి పది యైనచో తన పది ఏది? తెల్లవారుజామున లేచి చదివినవానికిని, లేవనివానికిని ఒకే కాగితము. పైగా వీథిలో "కరోనా బ్యాచ్" అను పేరొకటి. ఇక మధ్యరకపు పిల్లవాడు చివరి రెండు నెలలలో పుంజుకొందునని నమ్మియున్నవాడు. వానికి ఆ రెండు నెలలు దక్కలేదు. ఏమియు చదువనివానికి మొదట హాయి తోచినది గాని, కొన్నాళ్లకు అదియే దొంగసొమ్ము దాచుకొన్నట్టి బెరుకైనది. ముగ్గురి బాధయు ఒక్కటి కాదు. ముగ్గురికిని ఒక్కటే మాట చెప్పి తృప్తిపడుట వైద్యుడు అన్ని జ్వరములకును ఒకే కషాయ మిచ్చినట్లుండును.

నాచారం పారిశ్రామికవాడలో పనిచేయువారి ఇండ్లలో మరొక చిక్కు. 2020 సెప్టెంబరు 1 నుండి పాఠములు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా వచ్చినవి. బడివారు ఫోనులోను చెప్పిరి. ఇంటనున్న ఫోను ఒక్కటి. తండ్రి పనికి పోవునప్పుడు అదియు ఆయన జేబులో పోవును. అట్టి ఇంటి పిల్లవాడు చదువక ఓడినవాడు కాడు. వానిని సోమరియని నిందించుట అన్యాయము.

ఇట్టి సందర్భమునకు శ్రీమద్రామాయణమును మించిన దృష్టాంతము లేదు. పట్టాభిషేకమునకు ముహూర్తము నిశ్చయమైనది. శ్రీరాముడు వసిష్ఠుల ఆదేశమున సీతాదేవితో గూడ ఆ రాత్రి ఉపవసించి నియమముతో నున్నాడు. నదీజలములతో నిండిన కలశములు వరుసగా నిలిపియున్నవి. తెల్లవారునప్పటికి అంతయు రద్దు. కైకేయి యెదుట స్వామి ముఖము వాడలేదని మనమందరము చెప్పుకొందుము. పిల్లలకు ఉపదేశించునదియు ఆ ఘట్టమే. మేము మనవిచేయునది ఆ తరువాతి కథను గూర్చి. కైకేయి మందిరము విడిచి తల్లి కౌసల్య యంతఃపురమునకు పోవునప్పుడు స్వామి ఏనుగువలె బరువుగా నిట్టూర్చెనని వాల్మీకి మహర్షి వ్రాసినాడు. గంగ దాటిన తరువాత, చెట్టుక్రింద గడపిన రాత్రి, అయోధ్యాకాండ 53వ సర్గలో, తమ్ముని యెదుట తండ్రిని తలచుకొని, కైకేయి చేసిన పనిని తలచుకొని కన్నీరు పెట్టినాడు. ధర్మమూర్తియే దుఃఖించినాడు, అదియు నమ్మదగినవాడు ప్రక్కనున్నప్పుడు దుఃఖించినాడు. మనము మాత్రము పదునైదేండ్ల పసివానితో "మగపిల్లవాడవు, ఏడ్చెదవేల?" అందుము.

లక్ష్మణస్వామి తీరు వేరు. ఆయనకు వచ్చినది కోపము. ఇది దైవకృతమని అన్నగారు చెప్పగా, దైవమును నమ్మికూర్చుండుట అశక్తుల పని యని ఎదురు చెప్పినాడు. శ్రీరాముడు ఆ మాటలన్నియు విన్నాడు. నోరు మూసికొమ్మనలేదు. పిదప తమ్ముని కన్నీరు తుడిచి మరల మరల ఊరడించినాడు. ఇంటిలో కసరుకొనుచు, తలుపులు విసరి వేయుచు, "ఇక చదువను, ఎందుకు చదువవలెను?" అను పిల్లవాడు లక్ష్మణుని వంటివాడు. కోపము క్రింద కన్నీరున్నదని తెలిసికొనినవారే వానిని ఓదార్పగలరు.

మరియొక సూక్ష్మము కలదు. అభిషేకమునకై తెచ్చిన ఆ కలశోదకములతోనే తాపసవ్రతమునకు స్నానము చేసెదనని స్వామి మొదట తమ్మునితో అన్నాడు. వెంటనే, రాజద్రవ్యమైన ఆ జలము తనకేల, స్వయముగా తోడుకొన్న నీరే చాలునన్నాడు. కూర్చుకొన్న సంభారము వేరొక పనికి ఉపయోగపడవచ్చును, పడకపోవచ్చును. వ్రతము మాత్రము ఆగదు. గణితము కొరకు చేసిన సాధన ఇంటర్మీడియట్‌లో పనికివచ్చును. సాంఘికశాస్త్రము కొరకు కంఠస్థము చేసినది బైపీసీ విద్యార్థికి పనికిరాకయే పోవచ్చును. అన్నియు పనికివచ్చునని పిల్లలతో కల్లలాడవలదు, వారికి తెలిసిపోవును.

ఇక వేదాధ్యయన సంప్రదాయమునకు వత్తము. పాఠశాలలో పాఠమాగుట క్రొత్త కాదు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పౌర్ణమి, అమావాస్యలయందు గురువు సంత చెప్పడు. అకాలమున ఉరిమినను, దుమ్ముగాలి లేచినను, గ్రామమున శవమున్నను, శిష్టుడైన అతిథి యింటికి వచ్చినను పాఠము నిలుచును. దీనికి అనధ్యయనమని పేరు. మనుస్మృతి నాలుగవ అధ్యాయమున దీని విస్తరమున్నది. ఎంత తెలివిగల శిష్యుడైనను "నాకు పనస చక్కగా వచ్చుచున్నది, ఈ దినము ఆపవలదు" అనుటకు వీలులేదు. ఆపుటయు విధియే.

అయితే ఆగునదేది, ఆగనిదేది? మనువే రెండవ అధ్యాయమున వేదాంగములకును, నిత్యస్వాధ్యాయమునకును, హోమమంత్రములకును అనధ్యయన నిర్బంధము లేదన్నాడు. తైత్తిరీయారణ్యకము రెండవ ప్రశ్నమందు బ్రహ్మయజ్ఞమునకు రెండే ఆటంకములు చెప్పబడినవి: తాను అశుచిగా నుండుట, చోటు అశుచిగా నుండుట. గ్రామమున పైకి చదువ వీలుకానిచో మనస్సులో చదువుకొనవచ్చునని కూడ అచ్చట నున్నది. ఆగునది గురుముఖమున క్రొత్త పాఠము గ్రహించుట. ఆగనిది ప్రతిదినము తనకు తాను చేసికొను చిన్న ఆవృత్తి.

దీనిని మన పిల్లలకు అన్వయించినచో రెండు సంగతులు తేలును. పరీక్ష రద్దయిన మరునాడే "ఇప్పటినుండి ఎంసెట్టు పుస్తకములు పట్టుము, ఐఐటీ కోచింగులో చేరుము" అని తరుము తండ్రి అనధ్యయనమును అతిక్రమించుచున్నాడు. ఉపాకర్మ, ఉత్సర్జనముల యందు మూడు రాత్రులు అధ్యయనము విడువవలెనని మనువు విధించినాడు. అంతటి పెద్ద పని చెదరినప్పుడు మూడు దినములైన పిల్లవానిని ఊరకుండనిండు. నిద్రపోనిండు. ఆడుకొననిండు. అటుతరువాత అనధ్యయనము ముగిసినదని ఇంటిలో ఒకరు చెప్పవలెను. పాఠశాలలో ఏ అనధ్యయనమైనను ఏ తిథితో ముగియునో అందరికిని తెలియును. 2020లో పిల్లలను కృంగదీసినది సెలవు కాదు, ముగింపు తెలియని సెలవు. ప్రభుత్వము ఆ తేదీ చెప్పలేనప్పుడు ఇల్లు చెప్పవలెను. పూర్వము చదివిన వేళకే అరగంట కూర్చుండనిండు, చాలును.

భగవద్గీత రెండవ అధ్యాయము 47వ శ్లోకమును పరీక్షల వేళ ఎల్లరును తలచుదురు. ఫలమునందు అధికారము లేదను భాగము వరకు చెప్పి ఆగుదురు. ఆ శ్లోకము నాలుగవ పాదములో పని మానుటయందు కూడ సంగము కూడదని భగవంతుడన్నాడు. ఫలము చేజారినవానికి వచ్చు మొదటి ప్రలోభము అదియే గదా. అయినను ఏడ్చుచున్న పిల్లవానికి ఆ గడియలో గీత చెప్పుట యుక్తము కాదు. అర్జునుని మాటలను భగవానుడు మొదటి అధ్యాయమంతయు విన్నాడు.

పిల్లవాడు నిజముగా పోగొట్టుకొన్న దేమి? మన భాషలో అప్పజెప్పుట అని చక్కని మాట యున్నది. నేర్చినదానిని గురువునకు మరల అప్పగించుట. నేర్చినవాడు అప్పజెప్పువరకు ఋణస్థుని వలె నుండును. వినువాడు తల యూపిన క్షణమున ఆ బరువు దిగును. పూర్వము శలాకాపరీక్ష యని యుండెడిది. తాటియాకుల గ్రంథములో సూది గ్రుచ్చి, అది తగిలిన పత్రమునందలి విషయమును శిష్యునిచే చెప్పించెడివారు. రద్దయిన పరీక్ష యనగా పది నెలలు నేర్చినదానిని వినువారు లేకపోవుట. మార్కులు మనము ఈయలేము, వినుట మన చేతిలోనిదే. పుస్తకము నడుమ ఎక్కడనో తెరచి, "ఇది ఏమో నాకు చెప్పు నాయనా" అనుడు. తల్లికి ఆ పాఠము రాకపోయినను చింతలేదు. రానివారికి చెప్పుటయే కఠినతరమైన పరీక్ష. తమ్మునికో చెల్లెలికో ఒక పాఠము బోధింపుమనుడు.

పరీక్ష ఆగుటకు కారణము మనుష్యుల దోషమైనచో మాట వేరు. 2016 జూలై 9న జరిగిన తెలంగాణ ఎంసెట్-2 వైద్యపరీక్ష, ప్రశ్నపత్రము ముందే బయటపడినదని తేలుటచే రద్దయి, సెప్టెంబరు 11న మరల జరిగినది. వ్యాధి వలన వచ్చినదానిని దైవికమని సరిపెట్టుకొనవచ్చును. చరకసంహిత విమానస్థానములో గాలి, నీరు, దేశము, కాలము చెడినప్పుడు ప్రకృతిభేదము లేక జనపదమంతయు బాధపడునని యున్నది, "నాకే ఏల?" అను ప్రశ్నకు అచ్చట చోటులేదు. దొంగతనము వలన వచ్చినదానిని "నీ కర్మ" యనుట తగదు. పిల్లవాని కోపము న్యాయమైనదని ఒప్పుకొని, రెండవమారు వ్రాయుటకు తోడుండవలెను.

చివరగా చెప్పవలసినది అన్నిటికంటె ముఖ్యము. 2020లో పదవ తరగతి పరీక్ష పూర్తిచేయని ఆ పిల్లలే ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమునను పరీక్షలేకయే రెండవ సంవత్సరమునకు పంపబడిరి. తరువాత 2021 అక్టోబరులో ఆ మొదటి సంవత్సరపు పరీక్షను వ్రాయుమనిరి. డిసెంబరు 16న వచ్చిన ఫలితములలో 49 శాతము మాత్రమే ఉత్తీర్ణులు. కొందరు పిల్లలు ప్రాణములు తీసికొనిన వార్తలు వచ్చినవి. డిసెంబరు 24న ప్రభుత్వము తప్పినవారందరికిని కనీసపు 35 మార్కులిచ్చి ఉత్తీర్ణులను చేసినది. ఎనిమిది దినములు! ఆ ఎనిమిది దినములు గడచియుండినచో ఆ పిల్లలు నేడు మన మధ్య నుండెడివారు.

సుందరకాండ 13వ సర్గలో, లంకయంతయు వెదకి సీతమ్మ కానరాక, హనుమంతుడంతటివాడు ప్రాణత్యాగమును తలచినాడు. ఆ తలంపును తానే త్రోసివేసినాడు: నశించుటలో దోషము లనేకములు, బ్రతికియున్నవానికి మేలు చేకూరునని. అప్పటికి వెదుకని చోటు ఇంకొకటి మిగిలియుండెను, అది అశోకవనము. పిల్లలకు ఈ కథ పరీక్షల ముందే చెప్పియుంచుడు, ఆపద వచ్చిన తరువాత కాదు.

పిల్లవాడు అన్నము మానినను, నిద్ర మానినను, స్నేహితులను తప్పించుకొనుచున్నను, "నేను లేకున్న మీకు బాగుండును" వంటి మాట నవ్వుచునైనను అన్నను, దిష్టియని తాయెత్తు కట్టి ఊరకుండరాదు. ప్రక్కన కూర్చుండి, చనిపోవలెనని తోచుచున్నదా యని సూటిగా అడుగవచ్చును. అడిగినంత మాత్రమున ఆ తలంపు పుట్టదు. వానిని ఒంటరిగా విడువక వైద్యుని కడకు తీసికొనిపోవలెను. భారత ప్రభుత్వమువారి టెలీ మానస్ అను సహాయకేంద్రము 14416 సంఖ్యకు ఫోను చేసినచో రాత్రియైనను పగలైనను తెలుగులోనే మాటాడుదురు, రుసుము లేదు. ఆ సంఖ్యను పంచాంగము వ్రేలాడు చోటనే, పిల్లల కంటబడునట్లు వ్రాసియుంచుడు.