మీటరు గేజీకి సాక్ష్యం

మేడ్చల్ స్టేషనులో నేడు ఆగే రైళ్ళు 1676 మిల్లీమీటర్ల ఎడం గల పట్టాల మీద నడుస్తున్నాయి. దీనిని బ్రాడ్ గేజీ అంటారు. ఒకప్పుడు ఇదే స్థలంలో రెండు పట్టాల నడుమ దూరం సరిగ్గా ఒక మీటరు. నిజాం పాలనాకాలంలో హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే అనే పేరుతో, బొల్లారం, మేడ్చల్, నిజామాబాద్‌ల మీదుగా మన్మాడు వరకు దాదాపు 390 మైళ్ళు సాగిన మార్గమిది. పందొమ్మిదో శతాబ్ది ముగిసి ఇరవయ్యో శతాబ్ది మొదలయ్యే సంధికాలంలో ఇది ఏర్పడింది. ఆ తరువాత మీటరు గేజీ దశలవారీగా తొలగిపోయింది. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–మేడ్చల్ ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు కూడా ప్రారంభమయ్యాయి.

మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఉన్న ఒక విద్యార్థి ఆ పాత మార్గాన్ని అట్టతో, చెక్కతో ఒక బల్ల మీద పునర్నిర్మించాలని సంకల్పించాడనుకుందాం. కొలవడానికి ఆ బోగీ లేదు. తాకి చూడడానికి ఆ ఇంజను లేదు. మిగిలిన ప్రధాన సాక్షి ఛాయాచిత్రం. అంతర్జాలంలో అటువంటి చిత్రాలు లక్షలున్నాయి. అయితే సాక్షిని ప్రశ్నించడం తెలియకపోతే సాక్ష్యం తప్పుదారి పట్టిస్తుంది.

మొదటి చిక్కు వెదికే పదంలోనే ఉంది. 'మేడ్చల్ రైలు' అని వెదికితే నేటి రైళ్ళే ఎక్కువగా కనిపిస్తాయి. పాత చిత్రాలు పాత పేర్ల కింద దాగి ఉంటాయి. 1930 వరకు మన ప్రాంతపు రైళ్ళను నడిపినది నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ. ఆ సంవత్సరం ప్రభుత్వమే దానిని స్వాధీనం చేసుకోగా అది నిజామ్స్ స్టేట్ రైల్వే అయింది. 1951 నవంబరులో అది సెంట్రల్ రైల్వేలో విలీనమైంది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే అవతరించింది. ఈ పేర్ల ఇంగ్లీషు పొడి అక్షరాలు ఇంజను పక్కన, బోగీ గోడ మీద రాసి ఉండేవి. కనుక అవి వెదకడానికే కాక, చిత్రపు కాలాన్ని నిర్ణయించడానికీ పనికివస్తాయి. బోగీ మీద ఎన్.ఎస్.ఆర్. అని ఉండి, కింద 1910 నాటి చిత్రమని రాసి ఉంటే ఆ వ్యాఖ్యను నమ్మరాదు. హ్యూ హ్యూస్ రచించిన 'ఇండియన్ లోకోమోటివ్స్' రెండవ భాగంలో 1872 నుండి 1940 వరకు మన దేశానికి వచ్చిన మీటరు గేజీ ఇంజన్ల వివరాలున్నాయి. ఇంజను తరగతి పేరు తెలిస్తే వెదుకులాట సగం తగ్గుతుంది.

ఇక ఈ చిత్రాలను ఎవరు తీశారన్నది ఆసక్తికరమైన విషయం. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ ప్రధానంగా దర్బారులను, భవనాలను, వేటలను చిత్రించాడు. సామాను పెట్టె అడుగుభాగం ఎలా ఉండేదో తెలుసుకోగోరేవాడు ఇంజన్లను తయారుచేసిన కంపెనీల చిత్రాలను ఆశ్రయించాలి. గ్లాస్గో నగరంలోని నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ వంటి సంస్థలు కొత్త ఇంజనును కర్మాగారం ముందు నిలిపి, సరిగ్గా పక్కవైపు నుండి ఫొటో తీయించేవి. నమూనా నిర్మాతకు ఇంతకన్న వరమేముంది! మరొక వర్గం విదేశీ యాత్రికులు. బ్రిటన్‌లో సాధారణ ప్రయాణికుల సేవల నుండి ఆవిరి ఇంజన్లు 1968లో విరమించాయి. వాటిపై మక్కువ గలవారు ఆ తరువాతి దశాబ్దాలలో భారతదేశానికి వచ్చి, మనం నిత్యం చూస్తూ పట్టించుకోని ఇంజన్లను రంగుల స్లైడులలో బంధించారు. అవి నేడు ఒక్కొక్కటిగా అంతర్జాలానికి చేరుతున్నాయి. 1989లో మొదలైన ఐ.ఆర్.ఎఫ్.సి.ఎ. అనే రైలు ప్రియుల సంఘం, 2004లో వెలసిన వికీమీడియా కామన్స్ ఈ అన్వేషణలో తొలి మజిలీలు.

చిత్రం దొరకగానే దాని పరిమాణం చూడాలి. పద్దెనిమిది మీటర్ల బోగీ 600 పిక్సెళ్ళ వెడల్పులో కనిపిస్తే, ఒక్కొక్క పిక్సెల్ మూడు సెంటీమీటర్లకు సమానం. రివెట్ తల అందులో కలిసిపోతుంది. అదే బోగీ 6000 పిక్సెళ్ళలో ఉంటే ఒక్కొక్కటి మూడు మిల్లీమీటర్లే. కిటికీ చట్రపు మందం కూడా లెక్కించవచ్చు. అందుచేత వెదుకులాటలో కనిపించిన చిన్న బొమ్మతో తృప్తి పడక, దాని మూలప్రతి ఎక్కడున్నదో చూడాలి.

కొలతలకు చిత్రంలోనే ఒక కొలబద్ద దొరుకుతుంది. స్వాతంత్ర్యానంతరం దేశంలోని మీటరు గేజీ మార్గాలలో ప్రయాణికుల రైళ్ళను లాగిన వై.పి. తరగతి ఇంజను పెద్ద చక్రం వ్యాసం 1372 మిల్లీమీటర్లు. పక్కనుండి తీసిన చిత్రంలో ఆ చక్రాన్ని కొలిచి, దానితో పోల్చి ఇంజనులోని ఇతర భాగాలను లెక్కకట్టవచ్చు. 1:87 నిష్పత్తిలో ఆ చక్రం దాదాపు 15.8 మిల్లీమీటర్లు, పట్టాల ఎడం 11.5 మిల్లీమీటర్లు అవుతాయి. స్విట్జర్లాండ్ మీటరు గేజీ నమూనాల కోసం తయారయ్యే 12 మిల్లీమీటర్ల పట్టాలు దీనికి చాలా దగ్గర. దుకాణాలలో విరివిగా దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టాలు 1435 మిల్లీమీటర్ల గేజీకి ఉద్దేశించినవి. ఆ గేజీ మీద హైదరాబాద్ మెట్రో నడుస్తుంది గాని, మేడ్చల్ రైలు కాదు.

కొన్ని చిత్రాలలో ప్లాట్‌ఫారం అడ్డు వచ్చి పట్టాలే కనిపించవు. అప్పుడు బోగీ చివర చూడాలి. రెండు పక్కలా రెండు గుండ్రని బఫర్లుంటే అది పాతకాలపు బ్రాడ్ గేజీ. నడుమ ఒకే బఫరు ఉంటే మీటరు గేజీ. నిజాం రాజ్యంలో రెండు గేజీలూ ఉండేవి గనుక ఈ గుర్తు ఎంతో విలువైనది.

రంగు విషయంలో పాత చిత్రం నమ్మదగని సాక్షి. తొలినాటి గాజు పలకలకు ఎరుపు రంగు సోకేది కాదు. అందువల్ల ఎర్రని బోగీ నల్లగా, నీలాకాశం తెల్లగా పడేవి. కర్మాగారాల వారు మరొక పని చేసేవారు: వివరాలు స్పష్టంగా కనిపించడానికి కొత్త ఇంజనుకు బూడిదరంగు పూసి ఫొటో తీయించి, ఆ తరువాత అసలు రంగు వేసేవారు. ఆ చిత్రాన్ని చూసి బూడిదరంగు నమూనా చేసినవాడు ఎన్నడూ పట్టాలెక్కని బండిని తయారుచేసినట్లే. గాజు పలకను తిరగవేసి ముద్రించిన చిత్రాలలో కుడి ఎడమలు తారుమారవుతాయి. బోగీ మీది అంకెలను చదవబోతే ఆ సంగతి బయటపడుతుంది.

దొరికిన చిత్రం ఎప్పటికీ అక్కడే ఉంటుందన్న భరోసా లేదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్లపై సైబర్ దాడి జరిగి, ఆ గ్రంథాలయపు అంతర్జాల సేకరణలు ఎన్నో దీర్ఘకాలం పాఠకులకు అందకుండా పోయాయి. కాబట్టి చిత్రంతో పాటు అది దొరికిన చోటు, ఛాయాగ్రాహకుని పేరు, చూసిన తేదీ రాసి భద్రపరచుకోవాలి. ఇతరుల చిత్రాన్ని ప్రచురించాలంటే అనుమతి అడగాలి. మన దేశ చట్టం ప్రకారం ప్రచురితమైన ఛాయాచిత్రానికి హక్కులు ఛాయాగ్రాహకుని జీవితకాలమంతా, ఆయన మరణానంతరం అరవై ఏళ్ళు వర్తిస్తాయి.

అంతర్జాలానికి ఇంకా చేరని చిత్రాలు మన ఊళ్ళలోనే ఉండవచ్చు. గ్యాంగ్‌మన్‌గా, పాయింట్స్‌మన్‌గా పనిచేసిన తాతగారి పదవీ విరమణ నాటి బృందచిత్రంలో, పూలదండల వెనుక స్టేషను గోడ, దీపస్తంభం, ఒక బోగీ అంచు కనిపించవచ్చు. ఇంటివారు చూసేది తాతగారిని. నమూనా నిర్మాత చూసేది ఆ అంచును. అటువంటి చిత్రాన్ని ఆల్బమ్ నుండి పెరికి తీయరాదు, తడిగుడ్డతో తుడవరాదు. పగటి వెలుగులో, నీడ పడకుండా ముందువైపును, వెనుక రాత ఉంటే దానిని కూడా ఫొటో తీసి, అందులోని వారి పేర్లను పెద్దలను అడిగి వెంటనే రాసుకోవాలి.