యంత్రశాలల యూరినుండి వచ్చిన పాట



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మీలో ననేకులకు రుచింపకపోవచ్చును. 'హార్డ్ రాక్' అను పాశ్చాత్య సంగీతమును గూర్చియు, దానిని లోకమునకు వినిపించినవారిలో ముఖ్యులైన నలుగురు కార్మికుల బిడ్డలను గూర్చియు చెప్పదలచినాను. ఈ విషయమును నేను కోరి యెన్నుకొనలేదు. అది మా యింటి మేడమీది గదినుండి దిగివచ్చినది. మా మనుమడు బెంగుళూరులో చదువుకొనుచున్నాడు. సెలవులకు వచ్చునపుడు గిటారొకటి వెంట తెచ్చెను. మూడునాళ్లు ఓర్చుకొంటిని. నాలుగవనాడు మెట్లెక్కి, "ఏమిరా యీ గోల? పిండిమర త్రిప్పినట్లున్నది" అంటిని. వాడు కోపపడక, "పిండిమర మాట నిజమే జేజినాయనా! ఈ పాట యంత్రములనడుమనే పుట్టినది. కథ విని, ఆపైన తిట్టుదువుగాని" అనెను. ఆ కథయే నే డిచ్చట చెప్పుచున్నాను.

మొదట మాటల సంగతి. బ్యాండు అనగానే మనకు పెండ్లి యూరేగింపులో ఎఱ్ఱకోటులు తొడిగి యిత్తడి బాకా లూదువారు తలపునకు వత్తురు. ఈ బ్యాండు అది కాదు. ఇందు సామాన్యముగా నలుగు రుందురు: పాడువాడొకడు, గిటారువాడొకడు, మంద్రస్థాయి గిటారు పట్టువాడొకడు, డ్రమ్ములు వాయించువాడొకడు. ఇక 'రాక్' అనగా ఱాయి యనుకొని, మన హార్సిలీకొండల బండలను తలచుకొనవలదు. నేనును మొదట అట్లే పొరబడితిని. ఆంగ్లమున ఆ మాటకు ఊగుట, ఊపుట అను అర్థముకూడ గలదు. ఈ సంగీతమునకు పేరు ఆ యూపునుండి వచ్చినది. ఊపు మిక్కిలి తీవ్రమైనపుడు హార్డ్ రాక్ అనిరి. అందుండియే మరింత భారమైన 'హెవీ మెటల్' అను శాఖ చీలినది.

ఈ గిటారు విద్యుచ్ఛక్తితో పలుకును. ఉక్కుతీగెల క్రింద అయస్కాంతమును, దానిచుట్టు సన్నని రాగితీగె చుట్టయు నుండును. తీగె కంపించినపుడు చుట్టలో స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. దానిని వేరొక యంత్రము పెద్దదిచేసి బూరగుండ వినిపించును. ఆ యంత్రము మోయగల దానికంటె అధికమైన బలము నిచ్చినచో నాదము చిట్లి గరగరలాడును. మన చెవికి అది దోషము. వారికి అదియే రుచి. తొందరపడి నవ్వకుడు. మన తంబురాలో తీగెకును గుఱ్ఱమునకును నడుమ దారపుపోగు నెందుకు ఉంచుచున్నాము? తీగె జుమ్ముమని పలుకుటకే గదా! మూలస్వరముతోపాటు దాని పైస్వరములు వినబడవలెనను కోరిక ఉభయులకును సమానము. కొలతలోనే భేదము.

ఇంగ్లండు దేశమున బర్మింగుహాము అనునది యినుము, ఉక్కు పనులకు ప్రసిద్ధమైన నగరము. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనుల బాంబులకు మిక్కిలి దెబ్బతినెను. ఆ నగరమున ఆస్టన్ అను పేట గలదు. టోనీ అయోమీ, ఓజీ ఆస్బర్న్, గీజర్ బట్లర్, బిల్ వార్డ్ అను నలుగురును 1948, 1949 సంవత్సరములలో పుట్టి, ఆ పేటలోను దాని చుట్టుపట్లను పెరిగినవారు. బాంబులకు కూలిన యిండ్ల శిథిలములే ఆ కాలపు బిడ్డలకు ఆటస్థలములు. చదువు ముగిసినవెంటనే యంత్రశాల నోరు తెరచుకొని యుండును. ఓజీ పదునైదవయేట బడి మానెను. పశువధశాలలో పనిచేసెను. కార్లకు బిగించు హారనుల శ్రుతి పరీక్షించు పనియు చేసెను. దొంగతనముచేసి పట్టుబడి, జరిమానా చెల్లింపలేక ఆరువారములు చెరసాలలో నుండెను. బుద్ధి వచ్చుననియే తండ్రి ఆ సొమ్ము కట్టలేదట!

ఇక నీ కథకు కీలకమైన సంగతి. టోనీ అయోమీ యెడమచేతివాటమువాడు. 1965లో, తన పదునేడవయేట, రేకుల యంత్రశాలలో పనిచేయుచుండెను. ఒక బృందముతో జర్మనీ దేశమునకు పోయి వాయించు అవకాశము వచ్చుటచే పని మానుకొనెను. అది కడపటి దినము. మధ్యాహ్నము భోజనమునకు ఇంటికి వచ్చి, ఇక పోనక్కఱలేదనెను. తల్లి మాత్రము, పట్టిన పనిని సరిగా ముగించి రావలెనని పంపెను. ఏ తల్లియైనను అట్లే చెప్పును గదా! ఆ పూట అలవాటులేని రేకునొక్కు యంత్రమువద్ద అతనిని నిలిపిరి. అది కుడిచేతిపై పడినది. అదరిపాటున చేయి వెనుకకు లాగుకొనగా నడిమివ్రేలి కొనయు, ఉంగరపువ్రేలి కొనయు తెగిపోయినవి. ఎడమచేతివాటమువానికి తీగెలను నొక్కునది కుడిచేయియే. ఇక వాయించుట కల్ల యని వైద్యులు చెప్పిరి.

కోలారు బంగారుగనులు 2001లో మూతపడినవి. అంతకుముందు అచ్చట పనిచేసి వచ్చిన పెద్దలు కుప్పము ప్రాంతమున నుందురు. యంత్రము మనిషిని ఒక్క క్షణములో ఏమి చేయునో వారికి నేను చెప్పవలసిన పనిలేదు.

ఇంట మూలగుచున్న టోనీయొద్దకు ఆ యంత్రశాల మేస్త్రీ వచ్చెను. ఒక రికార్డు తెచ్చి వినుమనెను. వాడు వినను పొమ్మనెను. మేస్త్రీ విడువలేదు. వినిన తరువాత, "ఈ వాయించిన మనిషికి రెండు వ్రేళ్లు పనిచేయవు" అని చెప్పెను. ఆ వైణికుడు జాంగో రైన్‌హార్ట్. సంచారజాతివాడు. 1928లో తన బండియిల్లు అంటుకొని రెండు వ్రేళ్లు కాలి వంకరపోగా, తక్కిన వ్రేళ్లతోనే యూరపునంతను మెప్పించినవాడు. టోనీ లేచి కూర్చుండెను. గిన్నెలు తోము సబ్బునీటి ప్లాస్టిక్ సీసాను కరగించి, తన రెండు వ్రేళ్ల కొనలకు తొడుగులు చేసికొనెను. నునుపునకు తీగె జారిపోవుచుండగా పాత తోలుకోటు ముక్కను వాటిపై నంటించెను. నొప్పి తగ్గుటకై బాంజో వాద్యపు సన్నని తీగెలను గిటారునకు బిగించెను. కొన్నియేండ్ల తరువాత తీగెలను వదులుచేసి శ్రుతిని దించెను. శ్రుతి దిగుటచే నాదమునకు ఒక బరువు, ఒక చీకటి వచ్చినది. నేడు లోకమున వేలాది పిల్లలు కోరి తెచ్చుకొను ఆ బరువు, తెగిన వ్రేళ్లుగల పిల్లవాడు తన నొప్పికి వెదకికొన్న యుపాయమువలన చాలమట్టుకు వచ్చినది.

ఇచ్చట నాకు మన దేవళములలోని డోలు విద్వాంసులు జ్ఞప్తికి వచ్చుచున్నారు. గుడ్డపేలికలను జిగురుతో చుట్టి, యెండబెట్టి గట్టిపరచిన గూళ్లను వ్రేళ్లకు తొడుగుకొని వారు వాయించుట మీరెల్లరును చూచినదే. ఉరుములవంటి ఆ డోలు దేవుని యెదుట మ్రోగినపుడు మనము చెవులు మూసికొనము.

1968లో నలుగురును కలిసిరి. ఆ సంవత్సరాంతమున టోనీ జెత్రో టల్ అను మరియొక బృందమున స్వల్పకాలముండి తిరిగివచ్చెను. అచ్చట చూచిన క్రమశిక్షణ నిచ్చట ప్రవేశపెట్టెను. ఉదయము 9 గంటలకే సాధన ప్రారంభము కావలెను! కొంతకాలము 'ఎర్త్' అను పేరుతో నుండిరి. ఆ పేరుతో వేరొక బృందముండుటచే 1969లో 'బ్లాక్ సబ్బత్' అని మార్చుకొనిరి. అది 1963 నాటి యొక భయానక చలనచిత్రము పేరు. భయపడుటకు జనులు డబ్బిచ్చి టిక్కెట్టు కొనుచున్నారే, భయపెట్టు సంగీతము నేల చేయరాదు? ఇది వారి యాలోచన.

ఆ పేరుతోనే వారు కట్టిన పాటలోని యుక్తి సంగీతజ్ఞులైన మీకు సులభముగా తెలియును. షడ్జము, తారషడ్జము, అచ్చటినుండి దిగి ప్రతిమధ్యమము. అంతే. ఈ మూడు స్వరములను మెల్లగా, మిక్కిలి బరువుగా వాయింతురు. షడ్జమమునకును ప్రతిమధ్యమమునకును గల అంతరమును పాశ్చాత్యులు సైతాను స్వరమని పిలిచిరి. మనకో, కల్యాణిరాగమునకు ప్రాణమే ప్రతిమధ్యమము. అది లేక మన పెండ్లిమేళము సాగునా! ఒకరికి మంగళము, మరియొకరికి భూతము. పాశ్చాత్య స్వరలేఖనము మన యూరికి క్రొత్త కాదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె కళాశాలలో నున్నపుడు, మార్గరెట్ కజిన్స్ గారి సహాయముతో 'జనగణమన' వరుస స్వరలిపిలో నిలిచినది గదా. ఆమె ఐర్లండున సంగీతపట్టము పొందిన విదుషి.

వారి మొదటి రికార్డు ఒక్కదినములో నెక్కింపబడి, 1970 ఫిబ్రవరి 13వ తేదీన వెలువడినది. పత్రికలవారు చీదరించుకొనిరి. పిల్లలు కొనిరి. అదే యేడు సెప్టెంబరులో వచ్చిన 'పారనాయిడ్' అను రెండవ రికార్డు ఇంగ్లండున ప్రథమస్థానమున నిలిచెను. దానికి పేరిచ్చిన పాట, స్థలము చాలక చివరకు పూరణముగా కొన్ని నిమిషములలో అల్లినది. అందలి మరియొక పాట, పేదల బిడ్డలను యుద్ధమునకు పంపి తాము సుఖముగా కూర్చుండు నాయకులను నిందించును. అది వియత్నాము యుద్ధకాలము. సాహిత్యమెక్కువగా బట్లరుది. సైతానును కొలుతురను అపవాదు మాత్రము వీరిని విడువలేదు. నిజమేమనగా, వీరి మెడలలో వ్రేలాడిన లోహపు శిలువలను ఓజీ తండ్రి తాను పనిచేయు యంత్రశాలలో చేసియిచ్చెను.

కీర్తి వచ్చినది. సొమ్ము ఎచ్చటికి పోయెనో వారికి తెలియదు. కారు కావలెనన్న కారు వచ్చును. ఇల్లు కావలెనన్న ఇల్లు వచ్చును. ఖాతాలో నెంతయున్నదో ఎవ్వరును చూడలేదు. ఒడంబడిక చదువక చేవ్రాలుచేసిన రైతు పాట్లు మన తాలూకాలో నెన్ని చూడలేదు? తమ వ్యవహారకర్తతో వ్యాజ్యమునకు దిగిరి. 1975లో రికార్డు తయారగుచున్న గదిలోనికే వకీళ్ల కాగితములు వచ్చుచుండెడివి. ఆ రికార్డునకు 'సాబొటాజ్' అనగా విద్రోహమని పేరు పెట్టిరి. రెండవశత్రువు ఇంటిలోనే యుండెను. అది మద్యము, మత్తుమందు. 1972 నాటి యొక రికార్డునకైన వ్యయముకంటె మత్తుమందునకైన వ్యయమే యెక్కువని వారే తరువాత చెప్పుకొనిరి. ఈ భాగమును మా మనుమడు గబగబ చెప్పి దాటిపోవ జూచెను. నేను ఆపి, మరల చెప్పించుకొంటిని.

1979లో, పనికి రాని స్థితిలో నున్న ఓజీని బృందమునుండి తొలగించిరి. ఆ మాట చెప్పవలసినవాడు అతని ప్రాణమిత్రుడైన బిల్ వార్డ్. తానును త్రాగుబోతే. రోనీ జేమ్స్ డియో అను గాయకుడు వచ్చి 1980లో 'హెవెన్ అండ్ హెల్' అను రికార్డుతో బృందమును నిలబెట్టెను. తరువాత ఎందరో వచ్చిరి, పోయిరి. మొదటినుండి తుదివరకు కదలక నిలిచినవాడు తొడుగుల వ్రేళ్ల టోనీ యొక్కడే. ఓజీయు వేరుగా పాడి మిక్కిలి ప్రసిద్ధుడయ్యెను. 1997 డిసెంబరులో నలుగురును బర్మింగుహామున మరల ఒక వేదిక నెక్కిరి.

2012లో టోనీకి రక్తసంబంధమైన క్యాన్సరు బయటపడినది. చికిత్సల నడుమ దినములు చూచుకొని ఊళ్లు తిరిగెను. 2013లో వెలువడిన '13' అను రికార్డు, 43 ఏండ్ల తరువాత, వారికి మరల ఇంగ్లండున ప్రథమస్థానమును తెచ్చెను. అందు బిల్ వార్డ్ లేడు. ఒడంబడికయొద్దనే పేచీ వచ్చినది. చూచితిరా, మొదటి కాగితము చేసిన గాయము ఎంతకాలము సలిపినదో!

2025 జూలై 5వ తేదీన, ఆస్టన్ పేటలో, వారి చిన్ననాటి యిండ్లకు సమీపముననున్న విల్లా పార్కు ఆటస్థలమున నలుగురును కడపటిసారి కలిసిరి. వార్డ్ కూడ వచ్చెను. పార్కిన్సన్ వ్యాధిచే నిలువలేని ఓజీ సింహాసనమువంటి పీటపై కూర్చుండి పాడెను. పదునేడు దినములకు, జూలై 22న, 76వ యేట కన్నుమూసెను. ఆ నెల 30వ తేదీన శవవాహనము బర్మింగుహాము వీథులలో సాగుచుండగా వేలమంది జనులు ఇరుప్రక్కల నిలిచి యేడ్చిరి. ముందుగా ఇత్తడి బాకాల బ్యాండొకటి నడిచెను. మన పెండ్లిబ్యాండువంటిదే.

ఇట్టి సంగీతము వినుటకు మనవారు సముద్రము దాటనక్కఱలేదు. మదనపల్లెనుండి బస్సులో మూడునాలుగు గంటలు పోయిన బెంగుళూరు వచ్చును. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరులో మెటాలికా అను బృందములు అచ్చట రాజభవనపు మైదానమున వాయించినవి. ఉభయులును బ్లాక్ సబ్బత్ వేసిన బాటనే నడచినవారు.

మా మనుమడు ఈ వారము ఆ మూడు స్వరములనే సాధన చేయుచున్నాడు. ప్రతిమధ్యమము కొంచెము తగ్గినదని క్రిందినుండి కేకవేసితిని. వాడు తీగె బిగించుకొనెను. తలుపు మాత్రము మూసికొనుమంటిని.